భయాన్ని ఎట్లా నేర్చుకుంటాం? పావ్లోవ్ కుక్కల నుంచి కొండగట్టు ఘాట్ దాకా

ఈ ఎపిసోడ్‌లో శాస్త్రీయ నిబంధన గురించి మాట్లాడుకుందాం. టెట్‌కో డీఎస్సీకో చదివినవాళ్లకు ఈ పేరు కొత్తేం కాదు. పావ్లోవ్, కుక్క, గంట, లాలాజలం. ఒక బిట్టు, ఒక మార్కు, అంతే. కానీ దీని చరిత్ర ఆ ఒక్క మార్కుతో అయిపోయేది కాదు.

ముందు మనకు తెలిసిన చోటుకే పోదాం. కొండగట్టు అంజన్న గుట్ట. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. అక్కడి కోతుల సంగతి మీకు తెలిసిందే. చేతిలో కవరు గలగలమంటే చాలు, ఎక్కడో చెట్టు మీదున్న కోతి తల తిప్పి చూస్తది. ఆ చప్పుడులో తినేదేం లేదు. కానీ చప్పుడు వెనకే అరటిపండు వస్తదని దానికి తెలుసు. ఇదే నిబంధన. అయితే ఒక తేడా గుర్తుంచుకోండి. చప్పుడు వినగానే తిండి కోసం సిద్ధమవ్వడం పావ్లోవ్ చెప్పింది. గుంజుకుంటే పండు దొరుకుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ గుంజుకోవడం స్కిన్నర్ చెప్పిన కార్యసాధక నిబంధన.

ఇవాన్ పావ్లోవ్ అసలు సైకాలజిస్టే కాదు, శరీరధర్మ శాస్త్రవేత్త. 1904లో నోబెల్ బహుమతి వచ్చింది కూడా జీర్ణక్రియ మీద చేసిన పనికే. ఆ పరిశోధనల్లోనే ఒక వింత కనబడింది. తిండి నోట్లో పడకముందే, తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కలకు లాలాజలం ఊరుతోంది. తిండి సహజ ఉద్దీపన. దానితో జతపడ్డ చప్పుడు నిబంధిత ఉద్దీపన. తర్వాత తిండి పెట్టకుండా చప్పుడు మాత్రమే చేస్తూ పోతే లాలాజలం తగ్గిపోతుంది. దీన్ని విరమణ అంటారు.

ఇదే సూత్రం భయానికీ వర్తిస్తుందా అని అడిగింది అమెరికాలో జాన్ వాట్సన్, రోసలీ రేనర్. 1920లో వాళ్లు ఆల్బర్ట్ అనే పసివాడి మీద చేసిన ప్రయోగం అచ్చయింది. తెల్ల ఎలుకను చూపించినప్పుడల్లా వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొన్నిసార్లకే పిల్లాడు ఎలుకను చూస్తేనే ఏడ్చాడు. ఆ తర్వాత కుందేలుకూ, బొచ్చు కోటుకూ భయపడ్డాడు. పుస్తకాల్లో సామాన్యీకరణం అనేది ఇదే. ఆ భయాన్ని తీసేయకుండానే పిల్లాడిని పంపించేశారు. ఇప్పుడైతే అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు.

ఇప్పుడు మళ్లీ గుట్టకే వద్దాం. 2018 సెప్టెంబర్ 11. మంగళవారం, అంజన్నకు ముఖ్యమైన రోజు. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది చుట్టుపక్కల పల్లెలవాళ్లే.

అలాంటి ప్రమాదం నుంచి బతికి బయటపడ్డ మనిషిని తలుచుకోండి. కుక్కకు చప్పుడునూ తిండినీ ఎన్నోసార్లు జతచేయాల్సి వచ్చింది. ప్రాణం మీదికొచ్చిన చోట ఒక్కసారి చాలు. బ్రేకు చప్పుడు, రోడ్డు మలుపు, డీజిల్ వాసన, ఇవన్నీ నిబంధిత ఉద్దీపనలైపోవచ్చు. వేరే ఊళ్లో, వేరే బస్సులో కూడా గుండె దడదడ కొట్టుకోవచ్చు. "ఎన్నేండ్లాయె, ఇంకా భయమేంది?" అని ఇంట్లోవాళ్లు అనొచ్చు. గాలి సోకింది అనేవాళ్లూ ఉంటారు. కానీ అది పిరికితనం కాదు, గాలీ కాదు. శరీరం నేర్చుకున్న పాఠం.

అయితే ఏండ్లు గడిస్తే అదే పోదా? దీనికి జవాబు కూడా పావ్లోవ్ ల్యాబులోనే ఉంది. 1924 సెప్టెంబర్‌లో లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తింది. కుక్కలను నీళ్లలో ఈదించి కాపాడాల్సి వచ్చింది. తర్వాత కొన్ని కుక్కలు నేర్చుకున్న ప్రతిస్పందనలు దెబ్బతిన్నాయి. ఒక కుక్క కోలుకున్నాక, గది తలుపు కింద నుంచి కొన్ని నీళ్లు పారేట్టు చేశారు. అంతే, అది మళ్లీ మొదటికొచ్చింది. అంటే విరమణ జరిగినా పాత పాఠం చెరిగిపోదు, అడుగున ఉంటుంది.

మరి దారి లేదా? ఉంది. అదే 1924లో మేరీ కవర్ జోన్స్ పీటర్ అనే చిన్న పిల్లాడి కథ రాసింది. వాడికి కుందేలంటే భయం. వాడు ఇష్టమైనది తింటుంటే కుందేలును దూరంగా పెట్టి, రోజు రోజుకూ కొంచెం దగ్గరికి జరిపారు. చివరికి వాడే దాన్ని ముట్టుకున్నాడు. తర్వాత వచ్చిన భయం చికిత్సలకు ఇది పునాది. ముందు ఆగి ఉన్న బస్సులో కాసేపు కూర్చోవడం, తర్వాత ఒక్క స్టాపు దూరం, పక్కన నమ్మకమైన మనిషి. ఘాట్ సంగతి చివర్న. బలవంతంగా ఎక్కిస్తే మాత్రం భయం ముదరొచ్చు. నిద్ర పట్టనంతగా ఉంటే మానసిక వైద్యుల దగ్గరికి పోవాలి.

ఒక్క మాట చెప్పి ముగిస్తా. ఈ సిద్ధాంతం అన్నిటికీ జవాబు కాదు. బస్సంటే భయాన్ని వివరిస్తుంది గానీ, పోయిన మనుషుల కోసం పడే దుఃఖాన్ని వివరించదు. భయాన్ని మెల్లగా తగ్గించుకోవచ్చు. దుఃఖానికి మాత్రం పక్కన కూర్చుని వినే మనిషి కావాలి. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే, ఇంకా భయమేందని అడగకండి. ఈసారి తోడు పోండి.