తప్పు కాదని సుప్రీం ఎప్పుడో తేల్చింది.. నల్గొండ, పాలమూరులో గే యువకులకు ఉన్న హక్కులేంటి? లేనివేంటి?

ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలిసి ఉంటే అది నేరం కాదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఈ మాట తేల్చి చెప్పింది. సరిగ్గా ఎనిమిది రోజులకు, సెప్టెంబర్ 14న నల్గొండ జిల్లా మిర్యాలగూడలో ప్రణయ్ హత్య జరిగింది. వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడన్న కోపమే కారణం. ఈ కేసులో 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది.

అమ్మాయి, అబ్బాయి కులం దాటితేనే ప్రాణం పోయిన చోట, నాకు ఇంకో మగవాడంటే ఇష్టం అని ఇంట్లో చెప్పడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఈ జిల్లాల్లో చాలామంది గే యువకుల జీవితం రెండు ముక్కలుగా నడుస్తోంది. ఊళ్లో ఒకలా, వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో ఇంకోలా.

గే అంటే ఎవరు?

మగవాడిగా పుట్టి, మగవాడిగానే ఉంటూ, మగవాళ్ల పట్లే ప్రేమ, ఆకర్షణ ఉన్నవాళ్లు గే. ట్రాన్స్‌జెండర్ అంటే వేరు. పుట్టుకతో రాసిన లింగం, తాము మనసులో అనుకునే లింగం ఒకటి కానివాళ్లు ట్రాన్స్‌జెండర్లు. ఊళ్లల్లో మాత్రం ఈ తేడా తెలియక అందరినీ ఒకే గాటన కట్టేస్తారు. ఆడంగి, తేడా అంటూ వెక్కిరిస్తారు. సినిమాల్లో కామెడీ సీన్లు కూడా ఏళ్ల తరబడి ఇదే నేర్పాయి.

ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17నే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మందులతో, కౌన్సెలింగ్‌తో మారుస్తామని చెప్పే వైద్యాన్ని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది. కాబట్టి కొడుకును మార్చాలని డాక్టర్ల చుట్టూ, బాబాల చుట్టూ తిప్పితే డబ్బు పోవడం, పిల్లాడి మనసు విరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

377 ఏమైంది?

1860లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన ఐపీసీలో సెక్షన్ 377 ఉండేది. ఈ సెక్షన్ కింద జీవిత ఖైదు దాకా శిక్ష వేయొచ్చు. 2009లో ఢిల్లీ హైకోర్టు దీన్ని పక్కన పెట్టింది. 2013లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. 2018లో అదే సుప్రీంకోర్టు, 18 ఏళ్లు నిండిన ఇద్దరి ఇష్టపూర్వక సంబంధానికి ఇది వర్తించదని చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ సెక్షనే లేదు.

అయితే ఇక్కడో లోటుంది. పెద్దవాడైన మగవాడిపై లైంగిక దాడి జరిగితే వాడేందుకు కొత్త చట్టంలో ప్రత్యేక సెక్షన్ కనిపించదు. 18 ఏళ్ల లోపు అబ్బాయిలకు మాత్రం పోక్సో చట్టం రక్షణ ఉంది.

పెళ్లి చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కానీ చట్టం దృష్టిలో అది పెళ్లి కాదు. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబర్‌లో నగర శివార్లలోని రిసార్ట్‌లో బంధుమిత్రుల మధ్య ఒక్కటయ్యారు. తర్వాత తమ పెళ్లిని గుర్తించాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. దేశమంతా చర్చించుకున్న కేసు వీళ్ల పేరు మీదే ఉంది. 2023 అక్టోబర్ 17న తీర్పు వచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, చట్టం మార్చాల్సింది పార్లమెంటేనని కోర్టు చెప్పింది. జంటగా దత్తత తీసుకునే హక్కు ఇవ్వడానికి 3-2 మెజారిటీతో ఒప్పుకోలేదు. రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేసింది.

మరి ఏం దొరికింది?

ఆ తీర్పు తర్వాత కేంద్రం 2024లో కొన్ని ఆదేశాలు, సూచనలు ఇచ్చింది.

- బ్యాంకులో ఇద్దరూ కలిసి జాయింట్ అకౌంట్ తెరవొచ్చు. భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చు.
- రేషన్ కార్డు కోసం ఇద్దరినీ ఒకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకు సూచన వెళ్లింది.
- దగ్గరి బంధువులు లేనప్పుడు, చనిపోయిన వ్యక్తి భౌతికకాయాన్ని భాగస్వామి తీసుకెళ్లే వీలుండాలని ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది.

ఆస్తి దగ్గరే అసలు చిక్కు. ఇరవై ఏళ్లు కలిసి ఉన్నా సరే, ఒకరు చనిపోతే రెండోవాళ్లు వారసులు కారు. నామినీ అయినంత మాత్రాన డబ్బు సొంతమైపోదు, వారసులు వచ్చి అడగొచ్చు. దీనికి ఒక దారి వీలునామా. స్వార్జిత ఆస్తిని ఎవరికైనా రాయొచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత గొడవ తగ్గుతుంది.

ఇంట్లో పెళ్లి చేసుకోమంటే?

పాతికేళ్లు దాటితే చాలు, పెళ్లిచూపుల హడావుడి మొదలవుతుంది. చెప్పలేక తలొంచి తాళి కట్టేవాళ్లున్నారు. అక్కడ నష్టపోయేది ఒక్కరు కాదు. ఏమీ తెలియకుండా ఆ ఇంటికొచ్చిన అమ్మాయి జీవితం కూడా చిక్కుల్లో పడుతుంది. కొన్నాళ్లు పెళ్లి వద్దని గట్టిగా నిలబడటమే ఇద్దరికీ తక్కువ నష్టం.

ఇంట్లో బంధించినా, కొట్టినా, చంపుతామన్నా పోలీసుల రక్షణ కోరొచ్చు. ఇలాంటి కేసుల్లో జంటను విడదీయడానికో, మనసు మార్చడానికో కౌన్సెలింగ్ పెట్టొద్దని సుప్రీంకోర్టు 2024 మార్చిలో హైకోర్టులకు మార్గదర్శకాలిచ్చింది.

యాప్‌లో పరిచయం.. ఆపై బెదిరింపు

ఊళ్లో ఎవరికీ తెలియకుండా మనిషిని కలవాలంటే చాలామందికి డేటింగ్ యాప్‌లే దారి. కేటుగాళ్లకు కావాల్సింది కూడా ఈ భయమే. ఫొటో, వీడియో తీసి, మీ ఇంట్లోవాళ్లకు పంపుతామని డబ్బు గుంజుతారు. ఒకసారి ఇస్తే ఆగరు, మళ్లీ మళ్లీ అడుగుతారు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. గే కావడం నేరం కాదు, బెదిరించి డబ్బు గుంజడం నేరం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 దీనికే ఉంది. ఒప్పుకోకుండా ఏకాంత దృశ్యాలు తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు. చాట్‌లు, నంబర్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయొద్దు. మొదటిసారి కలిసేటప్పుడు బస్టాండ్ దగ్గరి హోటల్ లాంటి జనం ఉండే చోటే కలవాలి. ఎక్కడికి వెళ్తున్నారో ఒక్క స్నేహితుడికైనా చెప్పి వెళ్లాలి.

ఈ నంబర్లు సేవ్ చేసుకోండి

- సైబర్ మోసం, ఆన్‌లైన్ బెదిరింపు: 1930
- మనసు బాగోలేకపోతే, చనిపోవాలనిపిస్తే: టెలి మానస్ 14416
- ఉచిత న్యాయ సాయం: 15100
- హెచ్‌ఐవీ పరీక్షలు, సందేహాలు: 1097. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం. ఫలితం బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది.