భారతదేశంలో సైబర్ భద్రతా విధానం: చట్టాలు, సంస్థల పరిణామక్రమం (2000–2023)

వ్యాససంగ్రహం:

ఎలక్ట్రానిక్ వాణిజ్యానికి చట్టబద్ధత కల్పించడానికి 2000లో రూపొందిన సమాచార సాంకేతిక చట్టం, రెండు దశాబ్దాల కాలంలో దేశ సైబర్ భద్రతకు మూలశాసనంగా మారింది. ఈ మార్పు ఏయే సందర్భాల్లో, ఏయే ఒత్తిళ్ల వల్ల జరిగిందో ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. 2008 చట్టసవరణ, 66ఎ సెక్షన్ రద్దు, 2013 జాతీయ విధానం, 2017 తరువాతి దాడులు, 2022 నాటి సర్ట్-ఇన్ ఆదేశాలు ఇందులో ప్రధానాంశాలు. రాజ్యం అధికారాలు విస్తరించినంత వేగంగా, దాడికి గురైన పౌరునికి సమాచారం పొందే హక్కు విస్తరించలేదన్నది ఈ పరిశీలనలో తేలిన ముఖ్యాంశం.

కీలకపదాలు: సైబర్ భద్రత, సమాచార సాంకేతిక చట్టం, నిఘా, గోప్యత, సర్ట్-ఇన్, 66ఎ సెక్షన్, ర్యాన్‌సమ్‌వేర్.

1. ఉపోద్ఘాతం

2000 మే నెల మొదటివారంలో 'ఐ లవ్ యూ' అనే వైరస్ ఈ-మెయిళ్ల ద్వారా ప్రపంచమంతటా వ్యాపించింది. దాని మూలం ఫిలిప్పీన్స్‌లో ఉన్నట్టు తేలింది. కానీ అలాంటి చర్యను నేరంగా పేర్కొనే చట్టం అప్పటికి ఆ దేశంలో లేదు. అందువల్ల అనుమానితునిపై విచారణ నిలబడలేదు. ఆ తరువాతి నెలలో ఫిలిప్పీన్స్ హడావుడిగా చట్టం చేసుకుంది. సరిగ్గా అదే మే నెలలో భారత పార్లమెంటు కూడా సమాచార సాంకేతిక చట్టాన్ని ఆమోదించింది. అయితే భారత చట్టానికి ప్రేరణ వైరస్ కాదు. ఆ బిల్లు 1999 డిసెంబరులోనే లోక్‌సభ ముందుకు వచ్చింది.

ప్రమాదం వచ్చాక చట్టం చేసే దేశాలు కొన్ని, ఇతర అవసరాలకు చేసిన చట్టాన్ని ప్రమాదం వచ్చినప్పుడల్లా సవరించుకునే దేశాలు కొన్ని. భారతదేశం రెండో కోవకు చెందుతుంది. ఈ విషయం గుర్తించకపోతే మన సైబర్ భద్రతా విధానంలోని బలాబలాలు అర్థం కావు.

2. వాణిజ్యచట్టంగా ఆరంభం

ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య న్యాయసంఘం 1996లో ఎలక్ట్రానిక్ వాణిజ్యంపై ఒక నమూనా చట్టాన్ని రూపొందించింది. దాన్ని అనుసరించవలసిందిగా 1997 జనవరి 30న సర్వప్రతినిధి సభ సభ్యదేశాలకు సిఫారసు చేసింది. ఆ తీర్మానమే భారత చట్టానికి ఆధారమని చట్టపీఠిక స్పష్టంగా చెబుతుంది. 2000 జూన్ 9న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఈ చట్టం, అక్టోబరు 17 నుంచి అమల్లోకి వచ్చింది.

94 సెక్షన్ల ఆ చట్టంలో అధికభాగం డిజిటల్ సంతకాలు, ఎలక్ట్రానిక్ పత్రాల చెల్లుబాటు, ధ్రువీకరణ సంస్థల నియంత్రణ వంటి అంశాలకే కేటాయించబడింది. నేరాల అధ్యాయం చిన్నది. 66వ సెక్షన్ హ్యాకింగ్‌ను నేరంగా గుర్తించి, మూడేళ్ల వరకు జైలుశిక్షను విధించింది. 70వ సెక్షన్ ప్రభుత్వం 'రక్షిత వ్యవస్థ'గా ప్రకటించిన కంప్యూటర్ల జోలికి వెళ్లినవారికి పదేళ్ల వరకు శిక్ష నిర్దేశించింది. నేరపరిశోధనాధికారం డీఎస్పీ, ఆపై స్థాయి అధికారులకే ఉండేది. అంటే కంప్యూటర్ నేరం అరుదైనదనీ, నిపుణులైన కొద్దిమంది అధికారులు చూసుకోగలరనీ శాసనకర్తలు భావించారు. మన దేశంలో ఇంటర్నెట్ ఇంకా కొద్దిమందికే అందుబాటులో ఉన్న ఆ కాలానికి ఆ అంచనా సహజమే.

కంప్యూటర్ అత్యవసర స్పందన బృందమైన సర్ట్-ఇన్ 2004 జనవరిలో పని ప్రారంభించింది. కానీ అప్పటికి దానికి చట్టంలో స్థానం లేదు. హెచ్చరికలు జారీ చేయడం, సలహాలు ఇవ్వడం దాని పని. సంస్థలు ఆ సలహాలను పాటించవచ్చు, పాటించకపోవచ్చు.

3. 2008 సవరణ: ఒక అపోహ, ఒక వాస్తవం

2008 చట్టసవరణ ముంబయి ఉగ్రదాడికి ప్రతిస్పందనగా పుట్టిందనే అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఇది పాక్షికంగానే సత్యం. సవరణలు సూచించేందుకు నియమించిన నిపుణుల సంఘం 2005లోనే నివేదిక ఇచ్చింది. 2006 డిసెంబరులో సవరణబిల్లు లోక్‌సభ ముందుకు వచ్చింది. పార్లమెంటరీ స్థాయీసంఘం 2007లో దానిపై నివేదిక సమర్పించింది. కాబట్టి సవరణ ఆలోచనకు ముంబయి దాడి కారణం కాదు. అయితే 2008 నవంబరు 26న దాడి జరిగిన తరువాత నెలరోజులలోపే, డిసెంబరు 22, 23 తేదీల్లో ఉభయసభలూ ఆ బిల్లును ఆమోదించాయి. రెండేళ్లుగా నిలిచిపోయిన బిల్లుకు దాడి తెచ్చిపెట్టింది వేగాన్ని. ఆ వేగంలో చర్చకు చోటు తగ్గింది. 2009 అక్టోబరు 27న సవరణ అమల్లోకి వచ్చింది.

దీనితో చట్టస్వరూపం మారిపోయింది. 66ఎఫ్ సెక్షన్ సైబర్ ఉగ్రవాదానికి యావజ్జీవ కారాగారశిక్షను నిర్దేశించింది. 69ఎ వెబ్‌సైట్లను నిలిపివేసే అధికారాన్ని, 69బి ట్రాఫిక్ సమాచారాన్ని సేకరించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చాయి. 70ఎ కీలక సమాచార మౌలికవసతుల రక్షణకు ఒక జాతీయసంస్థను ప్రతిపాదించింది. 70బి సర్ట్-ఇన్‌కు చట్టబద్ధత కల్పించింది. పరిశోధనాధికారం డీఎస్పీ స్థాయి నుంచి ఇన్‌స్పెక్టర్ స్థాయికి దిగింది. కేసుల సంఖ్య పెరుగుతుందన్న గుర్తింపు ఈ చివరి మార్పులో కనిపిస్తుంది.

4. టెలిగ్రాఫ్ చట్టపు వారసత్వం

సమాచారాన్ని మధ్యలో అడ్డగించి వినే అధికారం భారతదేశంలో కంప్యూటర్లతో రాలేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 5(2) సెక్షన్ ఆ అధికారాన్ని వలసప్రభుత్వానికి ఇచ్చింది. స్వతంత్రభారతంలోనూ అది కొనసాగింది. కానీ ఆ సెక్షన్‌లో ఒక ముందుషరతు ఉంది. ప్రజాఅత్యవసర పరిస్థితి ఏర్పడాలి, లేదా ప్రజాభద్రతకు అవసరమై ఉండాలి. అప్పుడు మాత్రమే ఆ అధికారాన్ని వినియోగించాలి. 1996 డిసెంబరులో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఈ షరతును గట్టిగా నొక్కిచెప్పి, హోంకార్యదర్శి ఉత్తర్వు, సమీక్షాసంఘం వంటి రక్షణలను నిర్దేశించింది.

2008లో సవరించిన 69వ సెక్షన్‌లో ఈ ముందుషరతు లేదు. పైగా దేశరక్షణ, శాంతిభద్రతల వంటి కారణాలతో పాటు 'ఏ నేరపరిశోధన కోసమైనా' అనే కారణం చేరింది. 2009 నియమాలు హోంకార్యదర్శి ఉత్తర్వునూ, సమీక్షాసంఘాన్నీ నిలుపుకున్నాయి. కానీ ఉత్తర్వు ఇచ్చేదీ, దాన్ని సమీక్షించేదీ కార్యనిర్వాహక వ్యవస్థకు చెందిన అధికారులే. న్యాయమూర్తి ముందస్తు అనుమతి ఎక్కడా అవసరం లేదు. ఆ విధంగా, ఒక మనిషి జీవితంలోని సమస్త వివరాలుండే కంప్యూటర్‌కు, ఒక తంతివార్తకు వలసచట్టం ఇచ్చిన రక్షణ కంటే తక్కువ రక్షణ లభించింది.

2018 డిసెంబరు 20న కేంద్ర హోంశాఖ ఈ సెక్షన్ కింద పది సంస్థలకు అధికారమిస్తూ ఉత్తర్వు జారీ చేసినప్పుడు ఈ ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. అంతకు ముందు సంవత్సరమే, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించడం ఆ చర్చకు కొత్త బలాన్నిచ్చింది.

5. 66ఎ సెక్షన్: భద్రత పేరిట భావప్రకటన

2008 సవరణతో వచ్చిన 66ఎ సెక్షన్, 'తీవ్రంగా అభ్యంతరకరమైన' సందేశాలను, చికాకు, అసౌకర్యం కలిగించే సందేశాలను పంపడాన్ని మూడేళ్ల వరకు శిక్షార్హమైన నేరంగా చేసింది. ఈ మాటలకు చట్టంలో నిర్వచనం లేదు. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్య కారణంగా ఇద్దరు యువతులను అరెస్టు చేశారు. అప్పుడు న్యాయశాస్త్ర విద్యార్థిని శ్రేయా సింఘాల్ సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

2015 మార్చి 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారీమన్‌లతో కూడిన ధర్మాసనం 66ఎ రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో కృష్ణాజిల్లాకు చెందిన చలమేశ్వర్, ఆ తరువాత పుట్టస్వామి తీర్పు ఇచ్చిన తొమ్మిదిమందిలోనూ ఉన్నారు. చర్చించడాన్నీ, సమర్థించడాన్నీ, రెచ్చగొట్టడాన్నీ వేరుచేసి చూడాలనీ, రెచ్చగొట్టే స్థాయికి చేరినప్పుడే ఆంక్షలకు ఆస్కారముంటుందనీ జస్టిస్ నారీమన్ రాసిన ఆ తీర్పు వివరించింది. 69ఎ సెక్షన్‌ను మాత్రం అందులోని విధివిధానాల దృష్ట్యా సమర్థించింది.

అయితే రద్దయిన సెక్షన్ పోలీస్ స్టేషన్లలో బతికే ఉంది. దాని కింద కేసులు నమోదవుతూనే ఉన్నాయని తెలిసి 2021 జూలైలో సుప్రీంకోర్టు విస్మయం వ్యక్తం చేసింది. 2022 అక్టోబరు 12న, 66ఎ కింద ఎవరినీ విచారించరాదని మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. తీర్పు వచ్చిన ఏడేళ్లకు కూడా అది క్షేత్రస్థాయికి చేరకపోవడం, చట్టం రాయడానికీ దాన్ని అమలుచేసేవారికి శిక్షణ ఇవ్వడానికీ మధ్య ఉన్న దూరాన్ని తెలుపుతుంది.

6. 2013 జాతీయ విధానం, కొత్త సంస్థలు

2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ వెల్లడించిన పత్రాలు అమెరికా నిఘా విస్తృతిని బయటపెట్టాయి. జూలై 2న భారతప్రభుత్వం తొలి జాతీయ సైబర్ భద్రతా విధానాన్ని ప్రకటించింది. ఐదేళ్లలో 5 లక్షలమంది నిపుణులను తయారుచేయడం, ప్రతి సంస్థలో సమాచారభద్రతకు ఒక బాధ్యుడైన అధికారిని నియమించడం వంటి లక్ష్యాలు ఇందులో ఉన్నాయి. ఇవి అవసరమైనవే. కానీ విధానపత్రం చట్టం కాదు. లక్ష్యం నెరవేరకపోతే జవాబు చెప్పవలసినవారెవరో అందులో లేదు.

70ఎ సెక్షన్ ప్రతిపాదించిన జాతీయ కీలక సమాచార మౌలికవసతుల రక్షణకేంద్రం 2014 జనవరిలో, అంటే సవరణ అమల్లోకి వచ్చిన నాలుగేళ్లు దాటాక ఏర్పడింది. విద్యుత్తు, బ్యాంకింగ్, టెలికాం, రవాణా వంటి రంగాల కీలకవ్యవస్థలు దాని పరిధిలోకి వచ్చాయి. మిగిలిన రంగాలు సర్ట్-ఇన్ పరిధిలో ఉన్నాయి. 2015లో జాతీయ సైబర్ భద్రతా సమన్వయకర్త పదవిలోకి గుల్షన్ రాయ్ వచ్చారు. సంస్థల సంఖ్య పెరిగినకొద్దీ వాటి మధ్య సమన్వయమే ఒక ప్రత్యేక కార్యమైందని ఈ నియామకం చెబుతుంది.

7. దాడులు నేర్పిన పాఠాలు

2017 మే 12న మొదలైన 'వాన్నక్రై' ర్యాన్‌సమ్‌వేర్ సుమారు 150 దేశాలకు పాకింది. దానికి గురైనవాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా ఉన్నాయి. ఆ దాడి ఆధారపడిన లోపాన్ని సరిచేసే సవరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో విడుదల చేసింది. సకాలంలో సవరణను ఎక్కించుకున్న కంప్యూటర్లు సురక్షితంగా మిగిలాయి. 66ఎఫ్‌లోని యావజ్జీవశిక్ష గానీ, 69లోని నిఘా అధికారం గానీ ఇక్కడ పనికిరాలేదు. కావలసింది రోజువారీ నిర్వహణ.

2019లో కూడంకుళం ఘటన మరో కోణాన్ని చూపింది. అణువిద్యుత్కేంద్రం వ్యవస్థలపై దాడి జరగలేదని అక్టోబరు 29న కేంద్రం అధికారులు ప్రకటించారు. మరుసటిరోజే అణువిద్యుత్ సంస్థ, పరిపాలనా నెట్‌వర్క్‌కు చెందిన ఒక కంప్యూటర్‌లో మాల్‌వేర్ ఉన్నట్టు అంగీకరించింది. ఆ విషయాన్ని సెప్టెంబరు 4నే సర్ట్-ఇన్ తెలియజేసిందని కూడా పేర్కొంది. రియాక్టర్ నియంత్రణ వ్యవస్థలకు ఆ నెట్‌వర్క్‌తో సంబంధం లేదన్న వివరణ ఊరటనిచ్చేదే. కానీ మొదట నిరాకరించి తరువాత ఒప్పుకోవడం వల్ల ఆ వివరణకు దక్కవలసిన విశ్వాసం తగ్గింది.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లు ర్యాన్‌సమ్‌వేర్ బారిన పడ్డాయి. దాదాపు రెండు వారాలపాటు రోగుల నమోదు, పరీక్షల వివరాలు చేతిరాతతో నడిచాయి. నెట్‌వర్క్‌ను సరైన విభాగాలుగా వేరుచేయకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఈ దాడికి ఏడు నెలల ముందే, ఏప్రిల్ 28న, సర్ట్-ఇన్ కఠినమైన ఆదేశాలిచ్చింది. దాడిని గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలనీ, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలనీ అవి నిర్దేశించాయి. సంస్థ ప్రభుత్వానికి చెప్పాలి. మరి ఆ సమాచారం ఎవరిదో ఆ రోగికి ఎవరు చెప్పాలి? ఆ ఆదేశాల్లో దీనికి సమాధానం లేదు.

8. రాష్ట్రాల పాత్ర

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల అంశాలు, కమ్యూనికేషన్లు కేంద్రానివి. కేసు నమోదు చేసేది రాష్ట్రపోలీసులు. డబ్బు వెళ్లిన ఖాతా మరో రాష్ట్రంలోనూ, మోసగాడు మరో దేశంలోనూ ఉండవచ్చు. ఈ ఇబ్బందిని అధిగమించేందుకు 2020 జనవరిలో భారత సైబర్ నేర సమన్వయకేంద్రం ప్రారంభమైంది. ఆర్థికమోసాల ఫిర్యాదులకు 2021లో మొదలైన సహాయవ్యవస్థ ఇప్పుడు 1930 నంబరుతో పనిచేస్తోంది. ఫిర్యాదు త్వరగా అందితే బ్యాంకులు ఆ సొమ్మును మధ్యలోనే నిలిపివేయగలగడం దీని ప్రత్యేకత. తెలంగాణ 2016లోనే సొంత సైబర్ భద్రతావిధానాన్ని ప్రకటించి, 2023లో ప్రత్యేక బ్యూరోను ఏర్పాటుచేసింది. సామాన్యుని నష్టాన్ని నేరుగా తగ్గించగల ఈ ఏర్పాట్లు, శిక్షలను, నిఘాను విస్తరించిన సవరణ తరువాత దశాబ్దానికి పైగా గడిచాక గానీ రాలేదు.

9. ముగింపు

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఆమోదం పొందింది. సమాచారం బయటికి పొక్కినప్పుడు సంబంధిత వ్యక్తికి కూడా తెలియజేయాలన్న బాధ్యత ఈ చట్టంతో శాసనంలో చోటుచేసుకుంది. ఇది 2000 నుంచి సాగిన ప్రస్థానంలో గుణాత్మకమైన మార్పు. కానీ అదే ఏడాది నవంబరులో సర్ట్-ఇన్‌కు సమాచారహక్కు చట్టం నుంచి మినహాయింపు లభించింది. ఒకే సంవత్సరంలో వచ్చిన ఈ రెండు నిర్ణయాలు భిన్నదిశల్లో ఉన్నాయి.

సైబర్ దాడులను ఎదుర్కొనేందుకు రాజ్యానికి అధికారాలు అవసరమన్నది కాదనలేనిది. కొన్ని వివరాలు రహస్యంగా ఉండటమూ అవసరమే. అయితే వాన్నక్రై, కూడంకుళం, ఎయిమ్స్ ఘటనలు చూపిన లోపాలు అధికారాల కొరత వల్ల కలిగినవి కావు. నిర్వహణ, శిక్షణ, నిజాయితీగల ప్రకటన లోపించిన చోట అవి తలెత్తాయి. 2013 విధానం తరువాతి దశను నిర్ణయించేటప్పుడు, ఏ సంస్థకు ఏ అధికారం అన్న ప్రశ్నతో పాటు, ఏ లోపానికి ఎవరు, ఎంత గడువులో, ఎవరికి జవాబు చెప్పాలన్న ప్రశ్నకు కూడా శాసనంలో స్థానం కల్పించవలసి ఉంది.