‘బాబూ’ నుంచి ‘సర్’ దాకా

సర్వీసులో చేరిన మొదటి రోజునే నేర్పే పాఠం – ఎవరిని ఏమని పిలవాలో. ఆఫీసరు ‘సర్’, జె.సి.ఓ. ‘సాబ్’. మనకిందులో కష్టమేమీ లేదు. కానీ ఈ పిలుపుల వెనకాల ఎంత భయం దాగి ఉంటుందో నేను మొదట చూసింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు పెట్టాక ఉత్తరాంధ్ర జనం కుటుంబాలతో సహా వచ్చి స్థిరపడ్డారు. మా నాన్న కూడా అలాగే శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఫిట్టరుగా చేరారు. మావైపు పెద్దవాళ్లని ‘బాబూ’ అనడం మర్యాద. విచిత్రమేమంటే బెంగాలీలకీ అదే మాట. కాకపోతే వాళ్లు పేరుకో, హోదాకో చివర తగిలిస్తారు. హెడ్ క్లర్కు బడోబాబు, గార్డు గార్డుబాబు.

నాకు పదేళ్లప్పుడు ఒక చిన్న కేసులో నాన్న సాక్షి. జడ్జిగారిని ‘హుజూర్’ అనాలి, ‘ధర్మావతార్’ అనాలి అని వకీలు గుమాస్తా చెప్పాడు. నాన్న రాత్రంతా వల్లె వేశారు. తీరా బోనెక్కాక నోట్లోంచి వచ్చింది ‘బాబూ’ ఒక్కటే. బంట్రోతు గదిమాడు. దాంతో కళ్లారా చూసిందీ మరిచిపోయి, “నాకు తెలీదు బాబూ” అని దిగొచ్చేశారు. పక్క క్వార్టర్సు మనిషికి ఆ సాక్ష్యమే ఆధారం. అతనికి జరిమానా పడింది. ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు.

పిలుపు తప్పితే న్యాయం తప్పుతుందా అన్న ప్రశ్న అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో సర్కారు కాగితాల్లో మనవాళ్ల పేరుకి ముందు ‘మ.రా.రా.శ్రీ’ (మహారాజరాజశ్రీ), వెనక ‘గారు’ ఉండేవి. ఇంగ్లీషువాళ్లు వాటిపైన రావు సాహెబ్, రావు బహదూర్, దివాన్ బహదూర్ బిరుదులిచ్చారు. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం, 18వ అధికరణంలో, ప్రభుత్వం బిరుదులివ్వకూడదంది. మినహాయింపు రెండింటికే – సైనిక, విద్యా సంబంధమైనవాటికి. అంటే మన ర్యాంకులకి రాజ్యాంగంలోనే చోటుంది! పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, పేరుకి ముందూ వెనకా తగిలించుకోరాదనీ సుప్రీంకోర్టు 1995లో తేల్చింది.

కోర్టుల్లో మాత్రం ‘మై లార్డ్’ మిగిలిపోయింది. 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన తెచ్చింది: సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో ‘యువర్ ఆనర్’ లేదా ‘ఆనరబుల్ కోర్ట్’, కింది కోర్టుల్లో ‘సర్’ లేదా ప్రాంతీయ భాషలో దానికి సరైన మాట. 2014లో సుప్రీంకోర్టు కూడా, ‘మై లార్డ్’ తప్పనిసరి కాదు, మర్యాదగా పిలిస్తే చాలంది. 2019లో తెలంగాణ హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, ఆ ఏడాదే కలకత్తా హైకోర్టుకి వెళ్లిన జస్టిస్ తొట్టత్తిల్ బి. రాధాకృష్ణన్ 2020 జులైలో జిల్లా న్యాయాధికారులకీ, రిజిస్ట్రీ ఉద్యోగులకీ తనని ‘సర్’ అంటే చాలని కబురు పంపించారు. ఆ వార్త చదివి నాన్నని తలుచుకున్నాను.

ఇంకొక సంగతి. 1920లలో బి.ఎన్.ఆర్. కార్మికుల పక్షాన నిలబడిన బరంపురం బారిస్టరు వి.వి. గిరిగారు 1969లో రాష్ట్రపతి అయ్యారు, త్రివిధ దళాలకీ సుప్రీం కమాండరయ్యారు. పదవిలో ఆయన ‘మహామహిమ్’. మా నాన్నకి మాత్రం చివరిదాకా ‘గిరిగారే’. 2012లో, బెంగాల్‌లోనే పుట్టిన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆ ‘మహామహిమ్’ వద్దన్నారు, ‘రాష్ట్రపతి మహోదయ్’ చాలన్నారు.

గౌరవం వేరు, భయం వేరు. క్రమశిక్షణకి ‘సర్’ కావాలి, నేను కాదనను. కానీ మన దగ్గరికి పెన్షన్ కాగితాలు పట్టుకుని ఏ వీరనారో, ముసలి తండ్రో వచ్చి, ఏమని పిలవాలో తెలీక గుమ్మంలో తటపటాయిస్తే, ముందు మనమే అందాం – “రండమ్మా, కూర్చోండి” అని. వాళ్లు ‘బాబూ’ అన్నా సరే, అందులో మర్యాదకేం లోటు లేదు.

జై హింద్.