కొత్త పీపా రుచి

నోరు సన్నగా ముడుచుకున్న గ్లాసులో లేత తేనెరంగు విస్కీ. పేరు డీన్‌స్టన్ వర్జిన్ ఓక్. ముక్కు దగ్గర పెట్టుకోగానే ముందు వెనిలా, వెంటనే కొబ్బరి. నాలుక మీద అల్లం ఘాటు. నాలుగు చుక్కల నీళ్లు కలిపితే ఆ ఘాటు తగ్గి బార్లీ తీపి పైకి తేలుతుంది. వీటిలో గింజ ఇచ్చింది ఆ చివరి తీపే. మిగతావన్నీ చాలావరకు పీపా చెక్క పెట్టిన రుచులు.

స్కాట్లండ్ రాజఖజానా లెక్కల్లో 1494 నాటి పద్దు ఒకటుంది. జాన్ కోర్ అనే క్రైస్తవ సన్యాసికి ‘ఆక్వా విటే’ తయారీకి 8 బోల్‌ల (పాత ధాన్యపు కొలత) మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఇచ్చారని. ‘ఆక్వా విటే’ అంటే జీవజలం. గేలిక్ భాషలో అదే అర్థమున్న మాట నలిగి నలిగి ‘విస్కీ’ అయింది. చాలాకాలం పీపా అంటే సరుకు మోసే పాత్రే. స్పెయిన్ నుంచి షెర్రీ వైన్ వచ్చిన పీపాలు బ్రిటన్ రేవుల్లో ఖాళీగా దొరికేవి. వాటిలో నిలవ ఉన్న విస్కీ మెత్తబడి, రంగు తిరిగింది. ఇప్పుడైతే 700 లీటర్లు మించని ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు ఊరనిదే స్కాచ్ అనకూడదు.

1930ల్లో అమెరికా, తన బోర్బన్ విస్కీకి లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలే వాడాలని చట్టం చేసింది. వాళ్లు ఒకసారి వాడిన పీపాలు స్కాట్లండ్‌కు తరలాయి. అలా స్కాచ్ పాత పీపాల్లోనే పెరిగింది. పొదుపు ఒక్కటే కారణం కాదు. కొత్త కుండ నీళ్లకు మట్టివాసన పట్టించినట్టే కొత్త ఓక్ కూడా. ఏళ్ల తరబడి ఉంచితే మాల్ట్ రుచిని మింగేస్తుంది.

ఈ చిక్కుకు దారి 1980ల్లో దొరికింది. బాల్వెనీ డిస్టిలరీలో డేవిడ్ స్టూవర్ట్, బోర్బన్ పీపాలో పండిన విస్కీని చివర్లో షెర్రీ పీపాకు మార్చి చూశారు. ఈ పద్ధతికి ‘ఫినిషింగ్’ అని పేరు. చివరి మజిలీ మాత్రమే కాబట్టి కొత్త ఓక్‌నూ ధైర్యంగా వాడొచ్చు.

డీన్‌స్టన్ డిస్టిలరీలో జరిగేది అదే. టీత్ నది ఒడ్డున 1785లో కట్టిన నూలు మిల్లు అది. 1960ల్లో మిల్లు మూతపడ్డాక డిస్టిలరీ అయింది. ఒకప్పుడు మగ్గాలాడిన షెడ్డులో ఇప్పుడు పీపాలు నిద్రపోతున్నాయి. బోర్బన్ పీపాల్లో ఊరిన విస్కీని చివరికి కెంటకీ నుంచి తెచ్చిన కొత్త పీపాల్లోకి మారుస్తారు. పీపా లోపలి గోడను కాల్చినప్పుడు, ఆ వేడికి చెక్కలోని లిగ్నిన్ విరిగి వెనిలా వాసననిచ్చే వెనిలిన్ పుడుతుంది. ఓక్‌లోని లాక్టోన్లు కొబ్బరి వాసననిస్తాయి. బొగ్గు పొర గంధకపు వాసనను పీల్చేస్తుంది.

గ్లాసు ఖాళీ అయ్యాక కాసేపాగి మళ్లీ వాసన చూశాను. కొబ్బరి పోయింది. ఎండు చెక్క వాసన, దాని అడుగున సన్నగా బార్లీ. ఆ బార్లీ ఇంకా మిగిలిందంటే, పీపాలోంచి ఎప్పుడు తీయాలో తీసినవాళ్లకు బాగా తెలుసు.