అద్దకం అచ్చులూ, వీడియో ఆటలూ

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంపాదకులు అడిగారు. బందరులో డచ్చివారి సమాధుల మీదా, 1864 ఉప్పెన మీదా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వీడియో గేములు తయారు చేసినవారి చరిత్ర గురించి రాస్తానన్నాను. పెన్షనరుకు వీడియో గేములతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. ముప్పయ్యేళ్ళు రికార్డు రూముల చుట్టూ తిరిగినవాడికి ఇది మరీ పరాయి విషయమేమీ కాదు.

1990లలో నేను గుడివాడలో పనిచేసేటప్పుడు మా వీధిలో గంటకు ఇంతని పుచ్చుకుని టీవీ మీద ఆటలు ఆడించే కొట్టు ఒకటి ఉండేది. క్యాసెట్టు అట్ట మీద 9999 ఆటలని అచ్చువేసి ఉండేది. మా అబ్బాయి కూర్చుని లెక్కపెడితే అవే పది పన్నెండు ఆటలు పేర్లు మార్చుకుని తిరిగేవి! మీసాల మనిషి పరుగెత్తి పుట్టగొడుగులు మింగే ఆటకే గిరాకీ. అది జపాను వారి నింటెండో కంపెనీ 1985లో తెచ్చిన సూపర్ మారియో బ్రదర్స్. దాన్ని ఎవరు చేశారో ఆ కొట్టులో ఎవరికీ తెలియదు. షిగెరు మియమోటో, తకాషి తెజుకా అనే ఇద్దరు గళ్ళ కాగితం మీద గోడలూ గోతులూ గీసి ప్రోగ్రామర్లకు ఇచ్చేవారట. ఆ కాగితాలు కొన్ని భద్రంగా ఉండబట్టి, 2015లో ఆట ముప్పయ్యో ఏట కంపెనీ వాటిని లోకానికి చూపించగలిగింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మన పెడన గుర్తుకొచ్చింది. బందరు అద్దకంలోనూ ముందు కాగితం మీదే నమూనా గీస్తారు. దాన్ని టేకు చెక్క మీదికి ఎక్కించి ఉలితో చెక్కుతారు. గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచాలి. నలుపుకు బెల్లమూ తుప్పు ఇనుమూ ఊరవేసిన కసిమి కావాలి, ఎరుపుకు పటిక కావాలి. తయారైన గుడ్డను ఎంత తిప్పి చూసినా ఎన్ని అచ్చులు వాడారో, ఏది ముందో ఏది వెనకో పూర్తిగా తేలదు. వీడియో ఆటా అంతే. తెర మీద ఆడేది గుడ్డ. ప్రోగ్రామరు రాసుకున్న మూలప్రతి, అంటే సోర్స్ కోడ్, అచ్చు. ఆట లక్షల ఇళ్ళకు చేరుతుంది. మూలప్రతి ఒకటి రెండు చోట్లే ఉంటుంది.

కోరమండల్ తీరపు అద్దకాలు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. అవి చేసిన విధానం ఎవరు రాసిపెట్టారు? 1734 ప్రాంతంలో బోలియూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో పనివారి దగ్గర ఉండి, ఒక్కొక్క దశ ముగియగానే గుడ్డ ముక్క కత్తిరించి తీసుకుని, వివరం రాసుకున్నాడు. ఆ రాతప్రతి నేటికీ పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. మన పనిమీద ప్రేమతో రాసుకున్నది కాదు, తమ దేశంలో అలాంటి గుడ్డలు తయారు చేసుకోవాలని. అయినా ముక్క ముక్కా దాచడం అన్నది అతడికి తోచింది. ఆటల చరిత్రకారులు ఈనాడు అడుగుతున్నదీ అదే. పూర్తయిన ఆట ఒక్కటే చాలదు, మధ్య దశలూ, కొట్టివేతలూ, పనికిరావని పక్కన పెట్టినవీ కావాలంటున్నారు.

స్వయంగా దాచుకున్నవారూ లేకపోలేదు. టీవీకి తగిలించి ఆడే ఆటకు ఆద్యుడైన రాల్ఫ్ బేర్ 1966 సెప్టెంబరు 1న తన ఆలోచనను నాలుగు పేజీలు రాసి, తేదీ వేసి, తోటి ఇంజనీరు చేత సాక్షి సంతకం పెట్టించాడు. మన ఆఫీసుల్లో పెరిగినవాడిలా ఉన్నాడే అనుకున్నాను. తర్వాత ఆ కాగితాలూ, నమూనా యంత్రాలూ స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చాడు. 2014లో ఆయన పోయినా ఆ కథ మిగిలింది.

జోర్డన్ మెక్నర్ సంగతి వేరు. 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట ఆయన చేసిందే. తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలను బట్టి బొమ్మ గీశాడు. మూలప్రతి మాత్రం పోయిందనుకున్నారు. 2012లో ఇంట్లో ఒక మూల నుంచి పాత ఫ్లాపీల పెట్టె బయటపడింది. వెతికి తీసింది ఆయన తండ్రి! తెలిసినవాళ్ళు పాత యాపిల్ యంత్రం తెచ్చి వాటిని చదివించారు. ఇరవై ఏళ్ళు దాటిన ఫ్లాపీ చదవడానికి వచ్చిందంటే అదృష్టమే. నేను పనిచేసిన ఒక ఆఫీసులో పదేళ్ళకే ఫ్లాపీలకు బూజు పట్టి చెత్తలోకి పోయాయి. మన సముద్రపు గాలి సంగతి మీకు తెలిసిందే.

దాచడానికి ఫ్లాపీ కూడా లేని ఆటలు ఉన్నాయి. ఫేస్‌బుక్‌లో 2009లో మొదలైన ఫార్మ్‌విల్ అందరూ వ్యవసాయం చేసిన ఆట. నీటి తీరువా లేదు, కాలవకు నీళ్ళు రాలేదన్న బెంగ లేదు. 2020 డిసెంబరు 31న కంపెనీ దాన్ని ఆపేసింది. అది కంపెనీ కంప్యూటర్లలోనే ఉండేది కనుక ఆడినవారి దగ్గర ఏమీ మిగలలేదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్టులో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు 2023లో లెక్క తేల్చారు. గ్రంథాలయాలు ఇటువంటి ఆటలను దూరంలో ఉన్న పరిశోధకులకు కూడా చూపడానికి అనుమతి కోరితే, 2024లో అక్కడి కాపీరైట్ కార్యాలయం కాదంది.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత నన్ను దివిసీమకు డ్యూటీ మీద పంపారు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. వేలాది ప్రాణాలు పోయిన చోట కాగితాల మాట ఎత్తడానికి నోరు రాదు. కాని కొన్నాళ్ళకు ఎవరి పొలం ఎంత, గట్టు ఎక్కడ అని ఎత్తక తప్పలేదు. గ్రామ లెక్కలు కరణాల ఇళ్ళలో ఉండేవి. ఉప్పునీళ్ళలో నాని, ఎండి, అట్టలు కట్టిన కాగితాలు విప్పబోతే పొడి పొడి అయ్యేవి. అప్పుడు చేసిన పని ఒక్కటే: బతికి ఉన్న పెద్దవాళ్ళను చెట్టుకింద కూర్చోబెట్టి, ఒకరు చెప్పింది ఇంకొకరి చేత సరిచూపించి, రాసుకోవడం.

హైదరాబాదులో బటన్ ఫోన్ల కాలం నుంచీ ఆటలు తయారవుతున్నాయి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి పెద్ద కంపెనీకి అక్కడ స్టూడియో ఉంది. ఆ ఫోన్లు పోయాయి, వాటితో ఆటలూ పోయాయి. చేసినవారు మాత్రం ఇంకా నడివయస్సులోనే ఉన్నారు. వారిలో మన సభ్యుల పిల్లలూ ఉన్నారని తెలుసు. కంపెనీ కోడ్ ఇంటికి తెమ్మని ఎవరూ అడగకూడదు, అది చట్టవిరుద్ధం. ఏ ఏడు చేరారు, ఏ ఆటకు ఏ పని చేశారు, ఎంతమంది చేశారు, ఏది ఎందుకు ఆపేశారు అన్నవి చెప్పగలిగినంత చెబితే చాలు. సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగి, తేదీ వేసి, వాళ్ళ చేత సంతకం పెట్టించండి. సంఘం గదిలో కిటికీకి దూరంగా ఉన్న ఇనుప బీరువాలో పై అర ఖాళీగా ఉంది. దాని తాళం ప్రస్తుతం నా దగ్గరే ఉంది.