తిన్నదెవరు? తిన్నదేమిటి?

తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు ఎన్నో సూరత్‌లో మరమగ్గాల పనిలో స్థిరపడ్డాయి. అలాంటి ఇంట పెరిగే ఒక పిల్లవాణ్ణి ఊహించుకోండి. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ.

తెలుగులో రాముడు రొట్టె ‘తిన్నాడు’, సీత ‘తిన్నది’. క్రియ కర్తను అనుసరిస్తుంది. గుజరాతీలో జరిగిపోయిన పనిని చెప్పేటప్పుడు ఈ పద్ధతి మారుతుంది. పలుచని గోధుమ రొట్టె ‘రోటలీ’ స్త్రీలింగం. మందపాటి సజ్జరొట్టె ‘రోటలో’ పుంలింగం. అందుకే ‘రామే రోటలీ ఖాధీ’, ‘సీతాఏ రోటలో ఖాధో’ అంటారు. తిన్నదెవరో కాదు, తిన్నదేమిటో చూసి క్రియ మారుతుంది. కర్మ లేని ‘వెళ్లు’ వంటి క్రియకైతే మళ్లీ కర్తే ఆధారం: రాముడు ‘గయో’, సీత ‘గయీ’.

ఈ సూత్రాలను పిల్లవాడికి ఎవరూ విడమరచి చెప్పరు. మరి ఎలా వచ్చాయి?

విన్నదాన్ని అనుకరించడం, మెప్పు పొందడం ద్వారా భాష అలవడుతుందని మనస్తత్వవేత్త స్కిన్నర్ 1957లో వాదించాడు. అదే సంవత్సరం అమెరికన్ భాషావేత్త నోమ్ చామ్‌స్కీ ‘సింటాక్టిక్ స్ట్రక్చర్స్’ ప్రకటించాడు. పరిమితమైన సూత్రాలతో అపరిమితమైన వాక్యాలను పుట్టించేదే వ్యాకరణమన్నాడు. 1959లో స్కిన్నర్ వాదాన్ని తీవ్రంగా విమర్శించాడు. మనం ఎన్నడూ వినని వాక్యాలను కూడా పలుకుతాం, అర్థం చేసుకుంటాం కదా! పుట్టుకతో మనసు ఖాళీ పలకా, కాదా అన్న తత్వవేత్తల పాత వివాదం దీంతో మళ్లీ రాజుకుంది. భాషలన్నిటికీ ఉమ్మడి సూత్రాలుంటాయనీ, కొన్ని మీటలు మాత్రం ఒక్కో భాషలో ఒక్కో వైపు ఉంటాయనీ 1981 నాటికి ఆయన ప్రతిపాదించాడు.

ఇంతటి వాదాన్ని ఇంగ్లీషు ఒక్కదానితో తేల్చలేం. చేకూరి రామారావు 1975లో ‘తెలుగు వాక్యం’ రాసి, ఈ కొత్త పద్ధతిలో మన వాక్యాలను మన భాషలోనే విశ్లేషించారు. కారుమూరి వెంకట సుబ్బారావు దక్షిణాసియా భాషల వాక్య నిర్మాణాలను పోల్చి 2012లో పెద్ద గ్రంథం వెలువరించారు. వివాదం మాత్రం ముగియలేదు. ప్రత్యేకమైన సహజ వ్యాకరణం అక్కర్లేదు, ఎదుటివారి ఉద్దేశాన్ని గ్రహించే శక్తి, పోలికలు పట్టే నేర్పు చాలునని మైకేల్ టొమసెల్లో వంటివారు అంటారు.

మీరూ ఒక పరీక్ష చేయండి. కోపగించుకున్నది మీరే అయినా ‘నాకు కోపం వచ్చింది’ అంటారు, ‘వచ్చాను’ అనరు. ఇక్కడ క్రియ దేన్ని అనుసరించింది? మీకు ఆ సూత్రం ఎవరు నేర్పారు?