అరటి వంశమున దాగిన తెగులు

పెండ్లిపందిరికి అరటిబోదె, విందునకు అరటియాకు, తాంబూలమునకు అరటిపండు కావలయును. మన గృహములతో నింతగా పెనవైచుకొన్న యీ మొక్క చరిత్రను విచారించువారు మాత్రము అరుదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట నల్లగొండ జిల్లాలోని హాలియా ప్రాంతమున మెట్టనేలలెన్నో మాగాణులైనవి. నీరు చేరినచోట నాలుగు అరటిపిలకలు నాటవలెనను కోరిక సహజము. నాటువాడు మొదట నడుగునది “పిలక మంచిదేనా?” అని. ఈ చిన్నప్రశ్నకు సమాధానము చెప్పుటకు శాస్త్రజ్ఞులు చాలకాలము శ్రమింపవలసివచ్చినది.

మన తోటలలోని అరటులకు ముఖ్యముగా రెండు అడవిజాతులు మూలము. వానికి 1820లో ఇటలీదేశీయుడగు కొల్లా అను వృక్షశాస్త్రజ్ఞుడు అక్యుమినేటా, బాల్బిసియానా అని పేరులిడెను. మొదటిది కమ్మని పండ్లకు మూలము; రెండవది గింజలతో నిండినదైనను, అనావృష్టికి నోర్చుకొనునది. మన కర్పూర చక్కెరకేళి యీ రెంటి సంతతియే. దానియందు మొదటిజాతి పాళ్లు రెండు, రెండవజాతి పాలు ఒకటి. సాగుచేయు అరటికి గింజలేదు గనుక పిలకయే దానికి విత్తు. తల్లిదోషము పిల్లకు తప్పక సంక్రమించును.

తెగుళ్లకు లొంగని సంకరజాతులను పుట్టింపవలెనని 1922లో ట్రినిడాడు దీవిలోను, 1949లో తంజావూరుసీమలోని ఆడుతురైలోను ప్రయత్నము లారంభమైనవి. బాల్బిసియానా దార్ఢ్యమును క్రొత్తసంతతికి తెచ్చుటకై పలుచోట్ల దానితో సంకరము చేసిరి. తరువాత, గాజుసీసాలలో కణజాలమును పెంచి వేలకొలది మొక్కలనుచేయు టిష్యూకల్చరు పద్ధతి వచ్చెను. తెగులులేని మొక్కలకు ఇదియే రాజమార్గమని యెల్లరు సంతోషించిరి.

అంతలో నొక వింత గానవచ్చెను. తెగులు జాడయేలేని తల్లులనుండి, శుభ్రమైన సీసాలలో పెరిగిన పిల్లల యాకులపై పసుపుపచ్చని చారలు తేలినవి. అవి క్రమముగా నల్లబడినవి. ఇది అరటిచారల వైరసు. పిండినల్లి దీనిని ఒక మొక్కనుండి మరియొకదానికి మోయును. సీసాలోనికి పిండినల్లి పోలేదు గదా! మరి తెగు లెటనుండి వచ్చెను?

1999లో ప్రకటింపబడిన పరిశోధనలు ఈ చిక్కును విప్పినవి. దొంగ బయటినుండి రాలేదు, ఇంటిలోనే యున్నాడు. పూర్వమెన్నడో యీ వైరసు బాల్బిసియానా క్రోమోజోములలో చొరబడి, దాని వంశలిపిలో నొక భాగమైపోయినది. చిరిగిన తాటాకుపుస్తకమువలె దాని తునుకలు క్రమముతప్పి యచట పడియున్నవి. సంకరము చేసినపుడును, కణజాలమును పెంచునపుడును, ఎండయో నీటికొరతయో బాధించినపుడును ఆ తునుకలు సరిగా కూడుకొని, పూర్ణమైన వైరసు లేచును. మైసూరు వర్గమునకు చెందిన కర్పూర చక్కెరకేళిలో కనబడు వైరసునకు శాస్త్రజ్ఞులు ఆ వర్గము పేరే పెట్టిరి.

కడిగినను, కాచినను పోని దోషమిది. అట్లని బాల్బిసియానాను వెలివేసినచో దాని దార్ఢ్యమును కోల్పోవుదుము. గ్వాడెలూపు దీవిలోని ఫ్రెంచి పరిశోధకులు మధ్యమార్గము పట్టిరి. తల్లిమొక్కలోని క్రోమోజోముల జంటలో ఒకదానియందు కీడుచేయు ప్రతియు, రెండవదానియందు కీడుచేయని ప్రతియు ఉండవచ్చును. అట్టి మొక్కను స్వపరాగముచేత పండించి, పుట్టిన సంతానములో కీడులేని ప్రతులుగల మొక్కలనే జన్యుచిహ్నములచేత గుర్తించి యేర్చిరి. ఈ ఫలితము 2016లో వెలువడెను. 2019లో కెన్యాలోని నైరోబీలో లీనా త్రిపాఠి మొదలగువారు జన్యుసవరణచేత ఆ తునుకలనే చెరచిరి. సవరించిన మొక్కలను నీటికొరతకు గురిచేయగా నూటికి 75 చారలు లేక నిలిచినవి.

కావున పిలక నిగనిగలాడుచున్నదను సంతోషము చాలదు. మొక్కలు కొనువారు “వైరసు పరీక్ష జరిగినదా?” యని యడుగుట నేర్వవలెను, పదిమంది యడిగిననాడు అమ్మువాడు పరీక్ష చేయింపక తప్పదు. పూర్వులనుండి వచ్చినదానిలో మేలును కీడును కలిసియే యుండును. వంశము గొప్పదని కన్నులు మూసికొనుటయు, దోషమున్నదని సర్వమును పారవైచుటయు రెండును సోమరితనములే. ఓపికతో పరీక్షించి, కీడును విడిచి మేలును నిలుపుకొనుటయే వివేకము. అరటితోటకు పట్టిన యీ న్యాయము మన యిండ్లకును పట్టును.